బస్సు దిగేటప్పుడు ఏ కాలు ముందు?

మీరు బస్సు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడతారు? ఈ మాట అడిగితే చాలామంది నవ్వేస్తారు. మా మనవరాలైతే ఫోన్లోంచి తల ఎత్తకుండానే "ఏదో ఒకటిలే తాతా" అంది. అది మెట్రో రైలు పిల్ల, దానికి తెలియదు. కలకత్తాలో రూటు బస్సుల్లో తిరిగి పెద్దయినవాళ్లని అడిగి చూడండి. నోటితో చెప్పలేకపోయినా వాళ్ల కాలే చెబుతుంది. ఎడమ కాలు.

దానికి కారణం ఉంది. ఇక్కడ ప్రైవేటు బస్సు స్టాపులో పూర్తిగా ఆగడం అరుదు. వెనకాల అదే రూటు బస్సు ఇంకొకటి తరుముకొస్తూ ఉంటుంది, ముందు స్టాపులో జనం దాని పాలు కాకూడదు. అందుకని డ్రైవరు కాస్త నెమ్మదిస్తాడు, కండక్టరు తలుపు దగ్గర నిలబడి "బాఁ పా, బాఁ పా" అని కేకేస్తాడు. ఎడమ కాలు, ఎడమ కాలు అని. తలుపు ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి ముఖం బస్సు పోయే వైపు పెట్టి, ఎడమ కాలు ముందు నేలకి ఆనించి, బస్సుతో పాటు నాలుగడుగులు పరుగెత్తితే మనిషి నిలబడతాడు. అదే కుడికాలు ముందు పెట్టాడా, ఒళ్లు మెలిక తిరిగి బోర్లా పడతాడు.

ఈ విద్య మామూలుగా ఎవరికి వాళ్లే నేర్చుకుంటారు. నా ఉద్యోగంలో ఒకసారి మాత్రం ఒకటో క్లాసు పిల్లలకి దీన్ని శ్రద్ధగా నేర్పించారు. మన వాళ్ల పిల్లలు కొందరు ఇప్పుడు బడుల్లో బస్సులు చూసుకునే ఉద్యోగాల్లో చేరుతున్నారని విన్నాను. తెలుగు చదవడం వచ్చినవాళ్లు చదువుకోండి, రానివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లచేత చదివించుకోండి. ఏ ఆఫీసులోనూ ఈ సంగతి చెప్పరు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఓడలు ఆగే గార్డెన్ రీచ్ డాకుల్లో పనికి కుదిరిన మనిషి. నేను అక్కడే పుట్టాను. చదువు అంతంతమాత్రం. చాలాకాలం ఒక బస్ స్టాండులో స్టార్టరుగా చేశాను. అంటే ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో చెప్పి, విజిల్ ఊది, డ్రైవర్లచేత తిట్లు తినే పని. ఆ తర్వాత ఒక బడిలో బస్సుల మీద పెత్తనం ఇచ్చారు. బడి డాక్ వంతెనకి ఊరి వైపున ఉంది. గార్డెన్ రీచ్ పిల్లలు వంతెన దాటి రావాలి. వాళ్ల కోసం ఒక బస్సు ఉండేది. నా జుట్టు తెల్లబడటంలో సగం వాటా ఆ బస్సుదే.

ఆ బస్సు డ్రైవరు బెంగాలీ మనిషి, అంతకుముందు మినీబస్సు నడిపినవాడు. నేను అతన్ని దాదా, అంటే అన్నా, అనేవాణ్ణి, అతనూ నన్ను దాదా అనేవాడు. పిల్లలకి అతను కాకు, అంటే బాబాయి. పిల్లల్ని చూసుకునే ఆయా మన తెలుగామె, భర్త మునిసిపాలిటీలో చెత్త బండి మీద పనిచేసేవాడు. ఆవిడ పిల్లలందరికీ మాసీ, అంటే పిన్ని. వాళ్లలో తెలుగు పిల్లలూ బెంగాలీ పిల్లలూ ఉర్దూ మాట్లాడే పిల్లలూ ఉండేవారు, అందరినీ ఆవిడ ఒకే తెలుగులో కసిరేది, అందరికీ అర్థమయ్యేది.

నేను చేరిన కొత్తలోనే ఆ బస్సు మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. బస్సు గాలిలో వెళ్తోందని, బ్రేకు వేస్తే పిల్లలు సీట్లలోంచి జారి కింద పడుతున్నారని, ఒక పిల్లవాడి పెదవి చిట్లిందని తల్లులు వచ్చి నా బల్ల ముందు నిలబడేవారు. ప్రిన్సిపాల్ గారు డ్రైవర్ని తీసేయమన్నారు. తీసేసే ముందు చూద్దామని నేనే ఒకరోజు బస్సెక్కాను. పెళ్లికొడుకుని ఊరేగించినట్టు నడిపాడు. నన్ను చూసి జాగ్రత్తపడ్డాడేమో అని ఇంకోరోజు చెప్పాపెట్టకుండా గార్డెన్ రీచ్‌లో ఒక టీ కొట్టు దగ్గర నిలబడి చూశాను. బస్సు బుద్ధిగా వచ్చి, బుద్ధిగా ఆగి, బుద్ధిగా వెళ్లిపోయింది. తల్లులే గోరంతని కొండంత చేస్తున్నారని నిశ్చయించుకున్నాను. తర్వాతి వారం మళ్లీ నా బల్ల ముందు జనం.

నన్ను తొలిచేసింది ఇదే. ఒకే మనిషి, అదే బస్సు, అదే దారి. కొన్నాళ్లు పిచ్చిపట్టినట్టు నడుపుతాడు, కొన్నాళ్లు సాధువులా నడుపుతాడు. తాగుడేమో అని దగ్గరకి వెళ్లి వాసన కూడా చూశాను. జర్దా వాసన తప్ప ఏమీ లేదు. ఇంట్లో గొడవలేమో అని టీ తాగిస్తూ ఆరా తీశాను. అతను తన కూతురి చదువు గురించి ఆనందంగా చెప్పుకుపోయాడు.

జవాబు మా ఇంట్లోనే దొరికింది. ఒక ఆదివారం భోజనం ఆలస్యమైంది. నేను విసుక్కుంటే మా ఆవిడ, మీ అమ్మగారైతే రోజుకో వేళకి పెట్టేవారట కదా, అప్పుడు నోరు మెదపలేదేం అంది. నిజమే. ఓడ డాకులోకి రావాలన్నా బయటికి పోవాలన్నా నదిలో పోటు రావాలి. పోటు రోజూ ఒకే వేళకి రాదు, ఈరోజు వచ్చిన వేళ కన్నా రేపు ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది. నాన్న పని దాన్ని పట్టుకుని నడిచేది కాబట్టి మా ఇంట్లో పొయ్యి కూడా దాన్ని పట్టుకునే వెలిగేది. గోడ మీద గడియారం ఉన్నా అమ్మ దాన్ని లెక్కచేసేది కాదు, జొవార్, అంటే పోటు, ఎప్పుడని నాన్నని అడిగి ఎసరు పెట్టేది. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. పోటు వస్తే ఓడ కదులుతుంది. ఓడ కదిలితే దారివ్వడానికి వంతెన లేస్తుంది. కొన్నాళ్లు ఆ వేళ బడి వదిలే వేళతో కలుస్తుంది, తర్వాత జరిగిపోతుంది, కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది. డ్రైవరుకి పిచ్చిపట్టే రోజులవే.

మర్నాడు వెళ్లి డ్రైవర్ని అడిగితే, ఇది కనిపెట్టడానికి మీకింత కాలం పట్టిందా దాదా అని నవ్వాడు. అతని గొడవ ఇది. ముందు చిన్నపిల్లల్ని వంతెన అవతల ఇళ్ల దగ్గర దింపాలి. మళ్లీ వంతెన దాటి వచ్చి రెండో ట్రిప్పుకి పెద్దపిల్లల్ని ఎక్కించుకోవాలి. ఈలోగా వంతెన లేచిందంటే అవతలే చిక్కుకుపోతాడు. ప్రిన్సిపాల్ గారిదేమో ఒకటే పట్టుదల, బడి వదిలాక కాసేపటికి రెండో గంట కొడతారు, అది కొట్టాక ఆవరణలో ఒక్క పిల్ల కూడా మిగలకూడదు. మిగిలితే ఆ బస్సు డ్రైవరు సంజాయిషీ చెప్పుకోవాలి. సంజాయిషీలు ఎక్కువైతే ఉద్యోగం ఉండదు. అందుకని వంతెన లేచేలోపు వెళ్లి రావడానికి ప్రాణాలు అరచేత పెట్టుకుని నడిపేవాడు. తనవి మాత్రమే కాదు, పిల్లలవి కూడా.

నాకు రోగం తెలిసింది, మందు కూడా తెలిసిందనుకున్నాను. బస్సు వేగం ఒక హద్దు దాటకుండా ఇంజనుని పట్టి ఉంచే స్పీడ్ గవర్నర్ అనే పరికరం ఉంటుంది. బడి బస్సుకి అది ఉండి తీరాలి. మా బస్సులో ఉండేది కానీ దాని వైరు ఎవరో ఎప్పుడో పీకేశారు. ఎవరని అడిగితే అందరూ ఆకాశం వైపు చూశారు. నేను దాన్ని బాగు చేయించి, సీలు వేయించి, డ్రైవర్ని కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను. ఆ రోజుతో ఫిర్యాదులు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి సందేశ్ మిఠాయి పెట్టించి టీ ఇప్పించారు. నేను ఇంటికి వెళ్లి ఆ సందేశ్ ఎంత బాగుందో కూడా చెప్పుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. పోటు వస్తూనే ఉంది, వంతెన లేస్తూనే ఉంది, బస్సు వేగం తగ్గింది. అయినా రెండో ట్రిప్పు ఒక్కనాడూ ఆలస్యం కావడం లేదు. మిగిలిన ఆ సమయం ఎక్కణ్ణుంచి వస్తోందని ఎవరమూ అడగలేదు. ఫిర్యాదు లేకపోతే పని బాగున్నట్టేనని అందరం అనుకున్నాం.

వానాకాలంలో ఒక ఉదయం గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. గార్డెన్ రీచ్ బస్సు వచ్చి ఆగింది. ఒకటో క్లాసు చదివే తెలుగు పిల్ల ఒకతి, గుండు చేయించాక కొత్తగా జుట్టు వస్తున్న పిల్ల, కింది మెట్టు మీదకి వచ్చింది. ముఖం ముందుకి తిప్పింది. ఎడమ కాలు నేల మీద పెట్టింది. బురదలో నాలుగడుగులు చిన్నగా పరుగెత్తి ఆగింది. తర్వాత మామూలుగా నడిచి లోపలికి వెళ్లింది. ఆమె వెనక ఇంకొక పిల్లవాడు, అచ్చం అలాగే. వాడి వెనక ఇంకొకడు. బస్సులో చిన్నపిల్లలందరూ అంతే. పక్క బస్సు పిల్లల్ని చూడబోతే ఒకడు ఎగిరి దూకుతున్నాడు, ఒకడు వెనక్కి తిరిగి దిగుతున్నాడు, ఒకడు మెట్టు మీద కూర్చుని జారుతున్నాడు. గేటు కాసే దర్వాన్ కూడా మెచ్చుకున్నాడు, మిలిటరీ పిల్లల్లా దిగుతారు బాబూ అని. మాసీ ఎంత బాగా తీర్చిదిద్దిందో అని నేనూ మురిసిపోయాను.

కానీ ఆ చిన్న పరుగు నన్ను వదల్లేదు. రాయిలా ఆగి ఉన్న బస్సు దిగి పరుగెత్తడం ఎందుకు? ఆఫీసులో కూర్చున్నా అదే ఆలోచన. టిఫిను వేళకి ఆ పిల్లని వెతుక్కుంటూ వెళ్లాను. పరోటా తింటోంది.

"బస్సు దిగి పరుగెడతావెందుకమ్మా?" అని అడిగాను.

"పరిగెట్టకపోతే పడిపోతాం కదండి."

"బస్సు ఆగే ఉంది కదా?"

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "ఇక్కడ ఆగుద్దండి. మా ఇంటికాడ ఆగదు. బ్రిడ్జి లేసే రోజుల్లో ఆగదు. మాసీ ఎడంకాలు అంటాది, మేం దిగిపోతాం."

అంత మామూలుగా చెప్పి మళ్లీ పరోటా తినసాగింది. అన్నేళ్లు బస్ స్టాండులో నిలబడి వేలమంది అలా దిగడం చూసినవాణ్ణి, పొద్దున్న నా కళ్ల ముందు చూసి కూడా మెచ్చుకున్నాను.

అది పోటు బడి వేళకి వచ్చే వారమే. ఆ మధ్యాహ్నం, అటువైపు చిన్న పని ఉందని చెప్పి బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాను. నన్ను చూస్తే డ్రైవరు జాగ్రత్తపడతాడని అనుకున్నాను. అతను పడలేదు. అతని లెక్కలో తప్పు అంటే వేగమే. స్పీడోమీటరు వైపు వేలు చూపించి, చూసుకోండి దాదా ఎక్కడైనా దాటిందేమో అని గర్వంగా అన్నాడు. వంతెన దాటుతుంటే కిటికీలోంచి డాకులో తాళ్లు విప్పుతున్న ఓడ కనిపించింది. డ్రైవరు కూడా దాన్నే చూశాడు.

మొదటి స్టాపు వచ్చింది. మామూలుగా అయితే ఆయా బస్సు రేకు మీద ఒక చరుపు చరిస్తే బస్సు ఆగాలి, రెండు చరిస్తే కదలాలి. మాసీ చెయ్యి రేకు వైపే వెళ్లలేదు. తలుపు తీసి పిల్లవాడి నీళ్ల సీసా తను పట్టుకుని "మొకం ముందరికి, ఎడంకాలు, ఎడంకాలు" అంది. బస్సు మనిషి నడిచేంత నెమ్మదిగా పాకుతోంది. పిల్లవాడు దిగి నాలుగడుగులు పరుగెత్తి నానమ్మ చేతుల్లోకి వెళ్లిపోయాడు. ఆవిడ ముందే రెండు చేతులూ చాపి సిద్ధంగా ఉంది. సీసా ఆవిడకి అందింది. బస్సు సాగిపోయింది. ఆ నానమ్మ ముఖంలో భయం లేదు. ఆవిడ కూడా జీవితమంతా బస్సులు అలాగే దిగింది కాబట్టి ఇందులో ఫిర్యాదు చేయాల్సింది ఏముందని ఆవిడకి తోచి ఉండదు. నేను అరవాలనుకున్నాను. నిజం చెప్పాలంటే అది ఎంత చక్కగా జరిగిపోయిందంటే, ఒక్క క్షణం అలా చూస్తూ ఉండిపోయాను. రెండో స్టాపు, మూడో స్టాపు కూడా అలాగే గడిచిపోయాయి.

తర్వాత ఆ పిల్ల వంతు. ముఖం ముందుకి, ఎడమ కాలు, పరుగు, అన్నీ సరిగ్గానే చేసింది. కానీ సంచి పట్టీ తలుపు పక్కనున్న కమ్మీకి తగులుకుంది. పిల్ల నేల మీద, సంచి బస్సుకి. బస్సు లాగుతోంది. పిల్ల ఏడవలేదు, కేక వేయలేదు, నేర్పినట్టే పరుగెడుతోంది. మాసీ వంగి పట్టీ లాగుతోంది, అది రావడం లేదు. నేను సీట్ల మధ్యనుంచి పడుతూ లేస్తూ వెళ్లి రేకు మీద రెండు చేతులతో బాదాను. ఎన్ని చరుపులో నాకే తెలియదు. బస్సు ఆగింది.

పిల్లకి దెబ్బ తగల్లేదు. ఒక కాలి బూటు మాత్రం వెనక ఎక్కడో ఉండిపోయింది. ఊపిరి ఆడక నిలబడి నన్నూ మాసీనీ మార్చి మార్చి చూసింది. తప్పు చేసినందుకు తిడతామనుకుంది కాబోలు.

"నాను ఎడంకాలే ఎట్టానండి" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఎత్తుకుని వాళ్ల అమ్మకి ఇచ్చాను. మిగతా పిల్లలందరినీ ప్రతి స్టాపులో బస్సు ఆపించి నేనే చెయ్యి పట్టుకుని దింపాను. ఆ రోజు మేం తిరిగి వచ్చేసరికి వంతెన లేచి ఉంది. ఆగిపోయిన బస్సులో మాసీ మెట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇలాంటి పని పిల్లలకి నేర్పడమేమిటని నేను కోపంగానే అడిగాను.

"ఏటి సెయ్యమంటారు బాబూ. ఆపమంటే ఆపడు, ఆపితే బ్రిడ్జి లేసిపోద్దంటాడు. ఆడి ఉద్యోగం ఆడిది. నాకు పిల్లల్ని దింపక తప్పదు కదా. పడిపోకుండా దిగడవైనా నేర్పాలి కదా. ఒక్కొక్కల్ని బడి ఎనకాల గచ్చు మీద ఆడిస్తా ఆడిస్తా నేర్పినాను. ఇన్నాళ్లూ ఒక్క పిల్లకి మోకాలు గీసుకోనేదు."

ఆవిడ మాటల్లో గర్వం ఇంకా పూర్తిగా పోలేదు. నా కోపం ఎటు పెట్టుకోవాలో నాకు తెలియలేదు. డ్రైవరు అవతల నిలబడి ఉన్నాడు. నెమ్మదిగానే నడిపాను కదా దాదా అన్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు.

జరిగింది ప్రిన్సిపాల్ గారికి నేనే చెప్పాను. ఆవిడ బెంగాలీ ఆవిడ, మాట ఒక్కటే, గంట ఒక్కటే అనే తరహా. ఇద్దర్నీ ఆ రోజే పంపించేయమన్నారు. పంపిస్తాను గానీ రేపు కొత్తవాళ్లు వస్తారు, వాళ్లకీ అదే వంతెన, అదే గంట అన్నాను. గంట ఒక బస్సు కోసం జరిగితే రేపు అన్ని బస్సుల కోసం జరుగుతుందన్నారు ఆవిడ. వాదనలో ఆవిడని గెలిచినవాళ్లు ఆ బడిలో లేరు. అందుకని వాదించలేదు. పొద్దున్న బస్సు వచ్చే వేళకి గేటు దగ్గరకి రండి, పిల్లలు దిగడం చూడండి, ఆ తర్వాత మీరేం చెబితే అది చేస్తాను అన్నాను. ఎందుకని అడిగారు కానీ నేను చెప్పలేదు. వస్తారని నాకు నమ్మకం లేదు.

వచ్చారు. వాన లేదు, గేటు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. బస్సు ఆగింది. పిల్లలు దిగారు. ముఖం ముందుకి, ఎడమ కాలు, నాలుగడుగుల పరుగు. ఒకరు, ఇంకొకరు, మరొకరు. ముందు ఆవిడకి కూడా ముద్దొచ్చినట్టుంది, పెదవుల మీద నవ్వు కదిలింది. తర్వాత ఆ నవ్వు పోయింది. ఆవిడ చదువుకునే రోజుల్లో హౌరా నుంచి కాలేజీకి రోజూ బస్సులోనే వెళ్లేవారు. తల వంచి తన కాళ్ల వైపు చూసుకున్నారు.

"బాఁ పా" అన్నారు మెల్లగా, కండక్టరు అన్నట్టే. తర్వాత నా వైపు తిరిగి, ఇంత చిన్నవాళ్లా అన్నారు.

ఇంకేమీ చెప్పాల్సిన పని పడలేదు. గదిలోకి వెళ్లాక ఆవిడ అడిగింది ఒక్కటే, వంతెన లేచే రోజులు నాకు ముందుగా తెలుస్తాయా అని. మా నాన్న డాకులో పనిచేశాడు, మాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అన్నాను. ఆ రోజుల్లో రెండో ట్రిప్పు పెద్దపిల్లల్ని లైబ్రరీలో కూర్చోబెడతామని, వాళ్లతో ఒక టీచరు ఉంటారని, డ్రైవర్ని సంజాయిషీ అడగబోమని ఆవిడే చెప్పారు. డ్రైవర్నీ ఆయానీ పిలిచి చివరిసారిగా హెచ్చరించారు. ఉద్యోగాలు నిలిచాయి.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఈ ప్రిన్సిపాల్ గారు ఉన్నన్నాళ్లు సరే. రేపు ఇంకొకరు వచ్చి మళ్లీ గంట కొడితే? అప్పుడు తట్టింది. మా బస్సుల్లో ఇకమీద పిల్లలందరూ కుడికాలు ముందు పెట్టి దిగాలి అని ఒక నియమం పెట్టాను. స్టాఫు రూములో నవ్వులే నవ్వులు. మద్రాసీ బాబు కొత్తకోడల్ని ఇంట్లోకి పిలిచినట్టు పిల్లల్ని కుడికాలు పెట్టి దింపిస్తున్నాడని అన్నారు. శుభమే కదా, పోనిద్దురూ అన్నారు. నేనూ శుభమేనన్నాను.

నవ్వనిది మాసీ ఒక్కతే.

"కుడికాలెడితే, బస్సు కదుల్తా ఉంటే పిల్ల బోర్లా పడిపోద్ది బాబూ" అంది.

"అందుకేనమ్మా" అన్నాను.

"అయితే ఆగేదాకా తలుపు తియ్యను" అంది. మళ్లీ ఆ గచ్చు మీదే పిల్లల్ని ఆడిస్తూ పాత పాఠం మరిపించి కొత్త పాఠం చెప్పింది. మరిపించడమే కష్టమైందట.

మళ్లీ పోటు బడి వేళకి వచ్చిన మొదటి రోజు నేను గార్డెన్ రీచ్‌లో ఆ పిల్ల దిగే స్టాపు దగ్గర, టీ కొట్టు పక్కన నిలబడ్డాను. టీ తాగలేకపోయాను. నేను పెట్టిన నియమం వల్లే ఈ రోజు పిల్ల పడితే? బస్సు వచ్చింది. వెనక ఆటోలు హారన్లతో చెవులకి చిల్లులు పొడుస్తున్నాయి. నేను డ్రైవర్ని చూడలేదు, మాసీని చూడలేదు, చక్రం వైపే చూస్తున్నాను. రేకు మీద ఒక చరుపు వినపడింది. చక్రం నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ఆగింది. అప్పుడు తలుపు తెరుచుకుంది.

పిల్ల మెట్టు మీదకి వచ్చి అలవాటుగా ముఖం ముందుకి తిప్పి ఎడమ కాలు ఎత్తింది. వెనక్కి తీసుకుంది. మాసీ వైపు చూసి, కుడికాలు పెట్టి దిగింది. పరుగెత్తలేదు. పట్టుకోవడానికి ముందుకి ఉరికిన వాళ్లమ్మ, పట్టుకునే పని లేక అలాగే నిలబడిపోయింది.

ఆ రోజు బస్సు అవతలే చిక్కుకుపోయింది. ఆ స్టాపులోనే ఎక్కి నేను కూడా దాంట్లోనే ఉన్నాను. డ్రైవరు ఇంజను ఆపి కిందకి దిగి వంతెన కట్టకి ఆనుకుని నిలబడ్డాడు. ఓడ తాపీగా కదిలి వెళ్లింది. ఇన్నేళ్లూ దీంతో పందెం వేసుకున్నాను గానీ ఓడ మొత్తం వెళ్లడం ఎప్పుడూ చూడలేదు దాదా అన్నాడు. ఏ దేశం జెండా అది అని అడిగాడు. నాకూ తెలియలేదు. ఇద్దరం కాసేపు దాని గురించే వాదించుకున్నాం. బడికి వెళ్లేసరికి పెద్దపిల్లలు లైబ్రరీలో గోల చేస్తున్నారు. ప్రిన్సిపాల్ గారే వాళ్ల మధ్య కూర్చుని ఉన్నారు.

నేను రిటైరయ్యాను. ప్రిన్సిపాల్ గారూ వెళ్లిపోయారు. డ్రైవరు కళ్లు కనిపించక మానేశాడు. మాసీ మోకాళ్ల నొప్పులతో ఇంటి దగ్గరే ఉంటోంది. ఈమధ్య ఏదో పని మీద అటువైపు వెళ్తే బడి వదిలే వేళ అయింది, గార్డెన్ రీచ్ బస్సు వెనకాలే ఒక స్టాపు దాకా నడిచాను. డ్రైవరు కొత్తవాడు, కుర్రాడు. ఆయా కూడా కొత్తమ్మాయే, బెంగాలీ అమ్మాయి. రేకు మీద ఒక చరుపు. బస్సు పూర్తిగా ఆగింది. పిల్లలు ఒక్కొక్కరే కుడికాలు ముందు పెట్టి దిగారు. వెనక ఆటోవాడు తిట్టాడు, ఆ అమ్మాయి వినిపించుకోలేదు.

కుడికాలే ఎందుకని ఏమీ తెలియనట్టు అడిగాను. ఎప్పుడో ఒక మద్రాసీ బాబు పెట్టాడట, శుభం కోసం అంది. ఎడమ కాలు పెడితే ఏమవుతుందని అడిగితే గొంతు తగ్గించి, నన్ను తాతని చేసి, చాలా అశుభం దాదూ, పిల్లకి కీడు జరుగుతుందట అంది. నిజమేనమ్మా, చాలా అశుభం అన్నాను. అసలు సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఆలోచిస్తుంది. ఆలోచిస్తే ఒక హడావుడి రోజున, ఇంత నెమ్మదిగా పోతుంటే ఫర్వాలేదులే అనుకోవచ్చు. శుభం అనుకుంటే అలా అనుకోదు. ఊరుకున్నాను.

ఆ సాయంత్రం రూటు బస్సులో ఇంటికి బయల్దేరాను. మా స్టాపు వచ్చింది. బస్సు మామూలుగానే పాకుతోంది. కండక్టరు నా మోచెయ్యి పట్టుకుని, బాఁ పా, బాఁ పా, ముసలాయన దిగుతున్నాడు అని కేకేశాడు. నా ఎడమ కాలు దానంతట అదే లేచింది. దాన్ని దించి, కుడికాలు ముందుకి పెట్టి ఆ మెట్టు మీదే నిలబడ్డాను. అలా దిగితే పడిపోతారు దాదూ అన్నాడు కండక్టరు. తెలుసు అన్నాను. వెనక బస్సు హారన్ మోగిస్తోంది. కండక్టరు నా కాలి వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు, ఏదో గొణుక్కున్నాడు. రేకు మీద ఒక చరుపు చరిచాడు.

బస్సు పూర్తిగా ఆగేదాకా నిలబడి, అప్పుడు దిగాను.